జీపుకు సైలెన్సర్ పైపు ఎంత లావుండాలి? మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరమూ, జీపు కిందికి దూరి తీసిన ఫొటోలూ అందాయి. మీ తాతగారి సీజే-3బీ జీపులో పాత పెట్రోలు ఇంజను దింపి, పాత బొలేరోలకు వచ్చిన 2523 సీసీ టర్బో డీజిల్ ఇంజను ఎక్కించావు. మౌంటింగుల వెల్డింగు చూశాను. శుభ్రంగా ఉంది, చాలా సంతోషం కలిగింది. ఆ జీపు షెడ్డులో తుప్పుపట్టి పోతుందేమో అని ఇన్నాళ్లూ బెంగగా ఉండేది.

ఇప్పుడు పైపు దగ్గర ఆగిపోయావు. నర్సీపట్నంలో సైలెన్సర్లు చేసేవాళ్లు పాత ఒకటిన్నర అంగుళాల పైపే అతికిద్దామన్నారని, నీ మిత్రులేమో మూడంగుళాలు వేసి సైలెన్సరే తీసెయ్యమన్నారని రాశావు. నా మాట ముందే చెబుతాను. రెండున్నర అంగుళాలు వెయ్యి. పొగ తోపుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో ఉంది కదా, దాని మూతి దగ్గర మొదలుపెట్టి తోక చివరి దాకా అదే కొలత ఉండాలి, మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు.

ఈ కొలత ఎలా వచ్చిందో కూడా రాస్తాను. రేపు మరో ఇంజనుకు నీ అంతట నువ్వే లెక్క వేసుకోవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సీసీకి సరిపడా గాలి పీలుస్తుంది. ఈ ఇంజను గరిష్ఠ శక్తి ఇచ్చేది నిమిషానికి 3200 చుట్ల దగ్గర. అంటే 1600 సార్లు, సారికి రెండున్నర లీటర్ల చొప్పున, సుమారు 4,000 లీటర్లు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతం లెక్కన 3,400 వేసుకో. టర్బో గాలిని నొక్కి పంపుతుంది, నొక్కినప్పుడు ఆ గాలి వేడెక్కి కొంత పలచబడుతుంది. రెండూ కలిపి 1.3 రెట్లు అనుకుంటే, సెకనుకు 74 లీటర్ల బయటి గాలి లోపలికి పోతున్నట్టు. ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో దాటిన పొగ 450 డిగ్రీల దగ్గర ఉంటుందనుకో. 30 డిగ్రీల గాలి అంత వేడికి దాదాపు 2.4 రెట్లు ఉబ్బుతుంది. మొత్తం మీద పైపులోకి వచ్చేది సెకనుకు సుమారు 180 లీటర్ల వేడి వాయువు.

ఒకటిన్నర అంగుళాల 16 గేజి పైపు, అంటే గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లున్న పైపు, లోపల ఉండేది 35 మిల్లీమీటర్ల దారే. అంత వాయువు దానిలోంచి పోవాలంటే సెకనుకు 190 మీటర్ల వేగం కావాలి. రెండంగుళాల పైపులో అది 100 మీటర్లకు తగ్గుతుంది. రెండున్నరలో 63, మూడంగుళాల్లో 43. నేను ఇన్నేళ్లూ పాటించిన హద్దు 60 నుంచి 80 మీటర్లు. వాయువు అంతకంటే వేగంగా పోవలసి వస్తే ఇంజను తన బలంలో కొంత పొగను నెట్టడానికే ఖర్చుపెడుతుంది.

పాత ఇంజను 2199 సీసీ కదా, సీసీలో పెద్ద తేడా లేనప్పుడు పాత పైపు ఎందుకు చాలదని నువ్వు అడిగింది మంచి ప్రశ్న. పెట్రోలు ఇంజనులో నువ్వు యాక్సిలరేటర్ కొంచెమే తొక్కితే కార్బురేటర్‌లోని రేకు గాలినే ఆపేస్తుంది, పొగ కూడా అంతే తక్కువగా వస్తుంది. మీ తాతగారు ఆ జీపును నలభై కిలోమీటర్ల వేగం దాటించడం నేను చూడలేదు. నీ డీజిల్‌లో అలాంటి అడ్డు లేదు. సగం తొక్కినా, పూర్తిగా తొక్కినా, గాలి పీల్చే ప్రతి స్ట్రోకుకూ సిలిండరు పట్టినంత గాలి వెళ్తుంది, నువ్వు మార్చేది డీజిల్ చుక్కను మాత్రమే. దానికి తోడు టర్బో. దాని చక్రం తిరిగేది తన ముందూ వెనకా ఉన్న ఒత్తిళ్ల తేడాతో. పైపు సన్నగా ఉంటే టర్బో వెనక ఒత్తిడి పెరుగుతుంది, తేడా తగ్గుతుంది, చక్రం ఆలస్యంగా అందుకుంటుంది. గాలి చాలక నల్లపొగ వస్తుంది, వేడి పెరుగుతుంది. లంబసింగి ఘాట్‌లో కాఫీ బస్తాలతో రెండో గేరులో ఎక్కే బండికి ఇది చిన్న విషయం కాదు.

“వెనక ఒత్తిడి లేకపోతే ఇంజను లాగదు” అని సైలెన్సర్ షాపులో అన్నారట. ఈ మాట నేను పని నేర్చుకునే రోజుల్లోనూ విన్నాను. ఇది పుట్టింది పెట్రోలు బళ్ల దగ్గర. వాటిలో ఒక సిలిండరు వదిలిన పొగ వేగంగా పోతూ వెనక వచ్చేదాన్ని కూడా లాగుతుంది. పైపు అతిగా లావైతే ఆ వేగం పడిపోయి, తక్కువ చుట్లలో బలం తగ్గుతుంది. పైపు మార్చాక కార్బురేటర్ సరిచేయకపోతే మిశ్రమం పలచబడి బండి దగ్గుతుంది కూడా. చూసినవాళ్లు ఆ నష్టాన్ని ఒత్తిడి లేకపోవడానికి అంటగట్టారు. పెట్రోలుకైనా కావలసింది వేగమే. టర్బో డీజిల్‌కైతే టర్బో వెనక ఒత్తిడి ఎంత తక్కువుంటే అంత మేలు.

అలాగైతే మూడంగుళాలు వేస్తే ఇంకా మంచిది కదా అంటావు. పైపులో పోగొట్టుకునే ఒత్తిడి, వ్యాసం అయిదో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. రెండంగుళాల నుంచి రెండున్నరకు మారితే ఆ నష్టం మూడోవంతు కంటే తక్కువకు పడిపోతుంది. అక్కడి నుంచి మూడుకు వెళ్తే మళ్లీ తగ్గే మాట నిజమే, కాని తగ్గడానికి మిగిలిందే కొంచెం. ఆ కొంచెం కోసం నువ్వు పోగొట్టుకునేది చాలా ఉంది. సీజే కింద చోటెంతో నీకు తెలుసు. ప్రొపెల్లర్ షాఫ్టుకూ ఛాసిస్‌కూ మధ్య, వెనక ఇరుసు మీదుగా పైపు పోవాలి. గతుకులో ఇరుసు పైకి ఎగసినప్పుడు పైపుకు తగలకూడదు. రాళ్ల దారిలో పైపు కిందికి వేలాడకూడదు. పైపును బిగించే ముందు వెనక ఒక చక్రం కింద జాకీ పెట్టి, ఇరుసు రబ్బరు దిమ్మకు ఆనేదాకా ఎత్తి చూడు. అప్పుడు కూడా పైపు చుట్టూ అంగుళం ఖాళీ ఉండాలి. రెండున్నరతోనే ఆ ఖాళీ కోసం వెతుక్కోవలసి వస్తుంది.

సైలెన్సర్ తీసెయ్యమన్న సలహా మాత్రం నాకు కోపం తెప్పించింది. మోటారు బండికి సైలెన్సర్ ఉండి తీరాలని చట్టమే చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ కొండ ఊళ్లలో తెల్లవారుజామున నీ బండి వెళ్తుంటే పసిపిల్లలు ఉలిక్కిపడి లేవకూడదు.

అయితే సైలెన్సర్ కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. పదిహేనేళ్ల కిందట విశాఖలో నా షెడ్డుకు ఇలాంటి ఇంజనే వేసిన జీపు వచ్చింది. రెండున్నర అంగుళాల పైపు నేనే వేశాను. సైలెన్సర్ బజారులో కొన్నాను, రెండు మూతులూ రెండున్నరే. అనంతగిరి ఘాట్ సగం ఎక్కేసరికి నల్లపొగ, వేడి ముల్లు పైకి. పంపు టైమింగు చూశాను, ఫిల్టర్లు మార్చాను, ఇంజెక్టర్లు విప్పించాను. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు విసిగి సైలెన్సర్‌ను నిలువునా కోశాను. లోపల గొట్టం ఒకటిన్నర అంగుళాలే ఉంది! మూతులు మాత్రం పెద్దవి పెట్టి అమ్మారు. బండి యజమాని చేత అనవసరంగా చేయించిన ఖర్చంతా తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి ఏ సైలెన్సర్ కొన్నా ఒక మూతిలో టార్చి వేసి రెండో మూతిలోంచి చూస్తాను. నీకు కావలసింది చిల్లుల గొట్టం సూటిగా పోయి, చుట్టూ గాజు ఊలు నింపిన రకం. లోపలి గొట్టం వ్యాసం పైపు వ్యాసంతో సమానంగా ఉందో లేదో స్కేలు పెట్టి కొలిచి తెచ్చుకో.

పైపు కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది, అది ఎవరూ కావాలని చేసేది కాదు. నీళ్ల పైపులు అమ్మే దుకాణంలో “రెండంగుళాల పైపు” అంటే బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. “రెండున్నర” అంటే 76.1. అది నీటి పైపుల కొలత పద్ధతి. అక్కడ రెండున్నర అడిగి తెస్తే నీ చేతికి వచ్చేది మూడంగుళాలంత లావున్న, దళసరి గోడల బరువైన పైపు. నువ్వు అడగవలసింది 63.5 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 16 గేజి ట్యూబు. జీఐ పైపు అసలు ముట్టుకోకు. దాని జింకు పూత వెల్డింగులో పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వెల్డరుకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లకు బండి తరచూ దిగుతుంది కాబట్టి, డబ్బు సర్దుకోగలిగితే 304 రకం స్టెయిన్‌లెస్ తీసుకో. లేదంటే మామూలు ఇనుప ట్యూబు సరిపోతుంది, కొన్నేళ్లకు మార్చుకుందువు.

వంపుల దగ్గర మళ్లీ అదే సూత్రం. ప్రెస్సులో పెట్టి వంచితే లోపలి వైపు నలిగి దారి సన్నబడుతుంది. అలాంటి నాలుగు వంపులుంటే రెండున్నర వేసి రెండు వేసినట్టే. తయారుగా దొరికే పొడవాటి వంపు ఎల్బోలు కొని ముక్కలుగా అతికించు. పాతకాలపు పద్ధతిలో ఇసుక నింపి వేడిచేసి వంచుతామంటే, ఇసుక బాగా వేయించి ఆరబెట్టిందేనని నీ కళ్లతో చూసుకో. తడి ఇసుకతో రెండు చివరలూ మూసి కాలిస్తే ఆవిరికి పైపు పేలుతుంది. ఆ పక్కన మనిషి ఉంటాడు.

టర్బో మూతి రెండున్నర కంటే చిన్నదైతే మెట్టులా ఒక్కసారిగా పెంచకు, శంకువులా మెల్లగా విచ్చుకునే ముక్క వెయ్యాలి. టర్బో దాటిన మొదటి రెండడుగులూ అన్నిటికంటే ముఖ్యం. పొగ అక్కడే అన్నిటికంటే వేడిగా, సుడులు తిరుగుతూ ఉంటుంది. దాని తర్వాత అటూ ఇటూ వంగే ఒక అల్లిక గొట్టం పెట్టు. ఇంజను రబ్బర్ల మీద ఊగుతుంది, ఛాసిస్ రాళ్లలో మెలి తిరుగుతుంది, రెండిటికీ గట్టిగా కట్టిన పైపు ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. మొదటి ఆసరా గేర్‌బాక్సుకు బిగించి, తక్కినవి ఛాసిస్ నుంచి రబ్బరు పట్టీలతో వేలాడదియ్యి.

నీ జీపులో డీజిల్ ట్యాంకు సీటు కిందే, బ్రేకు మాస్టర్ సిలిండర్ నేల రేకు కిందే ఉన్నాయి. పైపు వాటికి ఎంత దూరం జరిపితే అంత మంచిది, దగ్గరైన చోట మధ్యలో రేకు అడ్డు పెట్టు. తోక బాడీ దాటి బయటికి రావాలి. ఓపెన్ జీపు పరుగెత్తుతుంటే వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది, వెనక సీటులో కూర్చునేది మీ పిల్లలే.

పనంతా అయ్యాక నా మాట మీద ఆధారపడకు, కొలిచి చూసుకో. టర్బో నుంచి జానెడు దూరంలో, సూటిగా ఉన్న చోట పైపుకు చిల్లు వేసి ఒక నట్టు అతికించు. దానికి మూడడుగుల రాగి గొట్టం బిగించు, అంత పొడవు ఉంటేనే పొగ చల్లబడుతుంది. దాని చివర మేస్త్రీలు నీటిమట్టం చూసుకునే పారదర్శకమైన గొట్టం తొడిగి, యు ఆకారంలో నిలువుగా కట్టి, రంగు కలిపిన నీళ్లు సగం దాకా పొయ్యి. రెండో చివర తెరిచి ఉంచు. గొట్టం నిలువు రెండు మీటర్లకు తగ్గకూడదు, కాబట్టి పక్కన కూర్చున్న మనిషి ఒక కర్రకు కట్టి పట్టుకోవాలి. బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. రెండు వైపుల నీటి మట్టాల తేడా ఒక మీటరు అంటే 10 కిలోపాస్కల్ ఒత్తిడి, అది పైహద్దు. నా లెక్క ప్రకారం నీకు అరమీటరు దగ్గర రావాలి. అంతకు బాగా మించితే ఎక్కడో నలిగిన వంపు గాని, లోపల సన్నగా ఉన్న సైలెన్సర్ గాని ఉన్నట్టే. చూడడం అయ్యాక నట్టులో బోల్టు వేసి మూసెయ్యి.

ఇంజను మార్పు, పెట్రోలు నుంచి డీజిల్‌కు మారిన సంగతి ఆర్.సి.లో ఎక్కాయా లేదా నువ్వు రాయలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి మార్పులు వస్తాయి. రవాణా కార్యాలయంలో ఆ పని పూర్తయ్యే దాకా బండిని రోడ్డెక్కించకు.

టర్బో మూతి లోపలి వ్యాసం, ఫ్లాంజి బోల్టుల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి నాకు పంపు. శంకువు ముక్క ఇక్కడే తెలిసిన లేత్ మీద తిప్పించి ఉంచుతాను, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్లు. అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య