ఎంబెడెడ్ ఇంటర్వ్యూ రెండో రౌండ్‌లో పోతుంటే

వాహనాల ఎంబెడెడ్ (పరికరం లోపలి చిప్‌లో నడిచే కోడ్) ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో రెండో రౌండ్‌లోనే పోతున్నానని రాశారు. మీ ప్రాజెక్ట్ గురించి చెప్పేటప్పుడు ‘మోటార్ కంట్రోల్ కోడ్ పనిచేస్తోంది’ దగ్గరే మీరు ఆగిపోతున్నారు. ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి నడిచే టాస్క్‌కి (కోడ్‌లో ఒక పని) గరిష్ఠంగా ఎంత టైమ్ పడుతుందో అడిగితే మీ దగ్గర అంకె లేదు. వాహనంలో సరైన జవాబు ఆలస్యంగా వచ్చినా తప్పే.

1. టాస్క్ మొదట్లో ఒక జీపీఐఓ పిన్ (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగల చిప్ కాలు) హై చేయండి, చివర్లో దించండి. ఆ పల్స్ ఎంతసేపు ఉందో అదే టాస్క్‌కి పట్టిన టైమ్.

2. ఆ పల్స్ కొలవడానికి స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద చూపే ఆసిలోస్కోప్) కావాలి. అది గాజువాకలో ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కొనకండి, కాలేజీ ల్యాబ్‌లో ఉన్నది చాలు. చౌక లాజిక్ అనలైజర్ (పిన్ ఎప్పుడు హై, ఎప్పుడు లో అయిందో రికార్డు చేసే పరికరం) అయినా సరే.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఖాళీ బోర్డు మీద కొలవకండి. క్యాన్ బస్ (వాహనంలోని కంట్రోలర్లు మాట్లాడుకునే లైను) మీద మెసేజ్‌లు కుమ్మరించి, ఇంటరప్ట్‌లు (నడుస్తున్న కోడ్‌ని మధ్యలో ఆపే అత్యవసర పిలుపులు) అన్నీ వస్తున్నప్పుడు కొలవండి. అవి తినేసే టైమ్ కూడా పల్స్‌లో కలుస్తుంది, మనకి కావలసింది అదే. సగటు ఎవరికీ అక్కర్లేదు, అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోండి.

4. దాన్ని రెజ్యూమెలో పెట్టండి.

వైజాగ్‌లో ఈ ఓపెనింగ్స్ తక్కువ, బెంగళూరు, పుణెలకి కూడా అప్లై చేయండి.