తేదీ చెప్పలేనప్పుడు ఫాల్ట్‌లు తవ్వడం దేనికి?

"హిమాలయాల్లో పెద్ద భూకంపం వస్తుందని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. ఎప్పుడో మాత్రం చెప్పరు. మరి ఈ ఫాల్ట్‌లు తవ్వేవాళ్లు చేసేదేంటి?" అని అడిగారు. అడగడంలో కాస్త వెటకారం ఉంది కానీ ఫర్వాలేదు, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా మా చుట్టాల దగ్గర వినేదే. ఫాల్ట్ అంటే నేల లోపలి రాయి పగిలి, భూకంపం వచ్చినప్పుడు జరిగే చీలిక. దాన్ని తవ్వినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి చెబుతాను.

జరిగిపోయిన భూకంపానికే మేం సంవత్సరం చెప్పలేకపోతున్నాం. ఇక రాబోయేదానికి తేదీ ఎక్కణ్నుంచి తెస్తాం?

పీహెచ్‌డీ రోజుల్లో ఒక చలికాలం ఉత్తరాఖండ్‌లో, రామ్‌నగర్ దగ్గర పని చేశాం. హిమాలయం అయిపోయి మైదానం మొదలయ్యే చోటు అది. సాఫీగా పోతున్న పొలాల మధ్య ఉన్నట్టుండి ఒక పెద్ద గట్టు వస్తుంది. ఇటూ గోధుమ చేనే, అటూ గోధుమ చేనే, కానీ ఒకటి పైన, ఒకటి కింద. ఊరివాళ్లకి అది తాతల నాటి నుంచీ ఉన్న గట్టు. కాలువ దాని పాదం వెంట తిరిగిపోతుంది, మేకలు దాని వాలు మీద మేస్తుంటాయి. మేం స్కార్ప్ అంటాం. భూకంపాలు పైకి లేపిన నేల.

ఆ గట్టును అడ్డంగా కోసి లోపల చూడాలి. అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన కథ మొదలుపెడితే ఈ జవాబు అక్కడే అయిపోతుంది. చివరికి పని కదిలింది పొలం యజమాని తల్లి ఒప్పుకోబట్టి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: పైనున్న దుక్కి మట్టి వేరే కుప్పగా పోయాలి, పూడ్చేటప్పుడు మళ్లీ అదే పైకి రావాలి. పొరలు కలిపేయకూడదన్న ఆ మాట మా ప్రొఫెసర్‌కి ఎంత నచ్చిందంటే, జేసీబీ డ్రైవర్‌కి ఆవిడ చేతే చెప్పించారు.

రెండు నిలువుల లోతు తవ్వి దిగాక మొదట ఏమీ కనబడదు, జేసీబీ పళ్ల గీతలు తప్ప. తాపీలు పట్టుకుని గోడంతా గీకాలి. మేకులు కొట్టి మీటరు మీటరుకీ నూలుతాడు లాగి గడులు చేయాలి. ఒక్కో గడిలో ఏముందో చూసి గ్రాఫ్ కాగితం మీద గీయాలి. మెడ పట్టేస్తుంది, గోళ్లలో మట్టి వారాల తరబడి పోదు. పొద్దున ఆలూ పరాఠా, రాత్రి ఆలూ పరాఠా. ఇంటి నుంచి తీసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసాని సీనియర్లు మొదటి వారంలోనే నాకేశారు.

గీకగా గీకగా ఒక మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడినప్పుడు కనబడింది. అడుగున ఏటి గులకరాళ్లు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి మీదికి లక్షల ఏళ్ల నాటి శివాలిక్ కొండల ఇసుకరాయి ఎక్కి కూర్చుంది. పాతది కింద, కొత్తది పైన ఉండాలి కదా, ఇక్కడ తిరగబడింది. రెంటికీ మధ్య బూడిదరంగు బంకమట్టి చార. అదే ఫాల్ట్. వేలెడు మందం కూడా లేదు, తడిమితే సబ్బులా జారుతుంది. ఆ చారకు దగ్గరలో ఉన్న గులకరాళ్లు పడుకోవడం మానేసి లేచి నిలబడ్డాయి. కొన్ని రెండుగా పగిలి, ముక్కలు ఒకదాన్నొకటి దాటి జరిగాయి. పైనున్న దుక్కి మట్టికి మాత్రం ఏమీ కాలేదు. చార దాని అడుగుకి వచ్చి ఆగిపోయింది.

అంటే, చార కోసిన పొర పడిన తర్వాత, కోయని పొర పడకముందు భూకంపం వచ్చింది. మా విద్యంతా ఈ ఒక్క వాక్యమే.

గొడవ ఆ తర్వాత మొదలైంది. నేల లేచినప్పుడు దాని అంచు విరిగి ముందుకు కూలుతుంది. ఆ కూలిన మట్టి కూడా గోడలో కనబడుతుంది. మా గోడలో ఆ కూలిన మట్టి మధ్య సన్నటి నల్ల గీత ఉంది. అది పాత నేల అయితే, ఒకసారి కూలి, దాని మీద గడ్డి మొలిచి, కొన్ని తరాలు గడిచాక మళ్లీ కూలిందని అర్థం, అంటే రెండు భూకంపాలు. ఉత్త నీటి మరక అయితే ఒకటే. మా ప్రొఫెసర్ రెండన్నారు. విదేశం నుంచి వచ్చిన ఇంకో ఆయన ఒకటే అన్నాడు. రాత్రి గెస్ట్‌హౌస్‌లో తిండి చల్లారిపోయినా ఇద్దరూ తగ్గలేదు. మర్నాడు నేను ఆ గీత వెంట తాపీ మొనతో కొద్దికొద్దిగా తీసుకుంటూ పోతే సన్నటి వేళ్ల జాడలు, గోధుమరంగు గొట్టాల్లాంటివి, కనబడ్డాయి. నీటి మరకలో వేళ్లెందుకుంటాయి? అయినా చివరికి పేపర్‌లో "కనీసం ఒక భూకంపం" అని రాశారు. సైన్సులో "కనీసం" అనేది రాజీ కుదర్చడానికి కనిపెట్టినట్టుంది. నన్నడిగితే ఇప్పటికీ రెండే.

ఇక తేదీ సంగతి. పొరల్లో దొరికిన బొగ్గు ముక్కల్ని చెయ్యి తగలకుండా పట్టకారుతో తీసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ల్యాబ్‌కి పంపుతాం. కార్బన్ లెక్క చెప్పేది ఆ చెట్టు బతికి ఉన్న కాలం. ఆ బొగ్గు ఎగువన ఎక్కడో వందేళ్లు పడి ఉండి, తర్వాత వరదకి కొట్టుకొచ్చి ఉండొచ్చు. అందుకే మాకు వచ్చే జవాబు చాలాసార్లు ఫలానా శతాబ్దం నుంచి ఫలానా శతాబ్దం మధ్య అని ఉంటుంది. చుట్టాలకి ఇది చెబితే "దీనికా ఇన్నేళ్లు చదివావు" అంటారు.

పైగా ప్రతి భూకంపమూ గోడలో సంతకం పెట్టి పోదు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌ని కుదిపేసిన 7.8 భూకంపంలో దాదాపు 9,000 మంది పోయారు, కానీ ఆ చీలిక లోపలే ఆగిపోయింది, నేల పైదాకా రాలేదు. వందేళ్ల తర్వాత ఎవరైనా అక్కడ ట్రెంచ్ తవ్వితే 2015 ఆనవాలే దొరకదు. 2001లో భుజ్‌ది కూడా అలాంటిదే. 1934 బిహార్-నేపాల్ భూకంపం నేలను చీల్చిన చోటు దొరకడానికి సుమారు 80 ఏళ్లు పట్టింది. తూర్పు నేపాల్‌లో ఒక వాగు పక్కన తవ్వి చూసి, 2013లో గానీ ప్రకటించలేదు.

సరే, క్రమం పట్టుకుని చెప్పొచ్చు కదా అంటారు. అమెరికావాళ్లు ఆ సరదా తీర్చుకున్నారు. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1857 నుంచి 1966 వరకు సగటున 22 ఏళ్లకోసారి 6 తీవ్రతతో భూకంపం వచ్చింది. తర్వాతది 1993 లోపు ఖాయమని చెప్పి, నేల నిండా పరికరాలు పెట్టి కూర్చున్నారు. అది 2004 సెప్టెంబర్ 28న తీరిగ్గా వచ్చింది. అంత క్రమంగా వచ్చే చోటే అలా ఉంటే, వందల ఏళ్లకోసారి కదిలే హిమాలయానికి కేలండర్ ఎవరు రాస్తారు?

మేం చెప్పగలిగేది వేరే. భారతదేశం హిమాలయం కిందికి ఏడాదికి దాదాపు 20 మిల్లీమీటర్లు దూరుతోంది. ఒకచోట 500 ఏళ్లుగా పెద్ద కదలిక లేకపోతే అక్కడ 10 మీటర్ల బాకీ పేరుకున్నట్టే. ఎక్కడ తీరుస్తుంది, తీర్చినప్పుడు నేల ఎంత జరుగుతుంది అన్నవి తవ్వితేనే తెలుస్తాయి. మీరు అడగాల్సిన ప్రశ్న "ఎప్పుడు" కాదు, "సరిగ్గా ఎక్కడ".

దానికి ఒక్క ఉదాహరణ చాలు. అలాస్కాలో చమురు పైప్‌లైన్ డెనాలీ ఫాల్ట్‌ని దాటి పోవాలి. 1970లలో భూగర్భ శాస్త్రవేత్తలు ఫాల్ట్ ఏ మేర ఉందో, ఎంత జరగొచ్చో చెప్పారు. ఇంజినీర్లు అంతమేరా పైపుని నేలలో పాతకుండా, పొడవాటి దూలాల మీద జారేలా, వంపులు తిప్పి పెట్టారు. 2002 నవంబర్ 3న 7.9 భూకంపం వచ్చింది, పైపు కింద నేల నాలుగు మీటర్లకు పైగా జరిగింది. చమురు చుక్క కారలేదు. తేదీ ఎవరికీ తెలియదు, అవసరమూ పడలేదు.

కాలిఫోర్నియాలో 1972 నుంచీ చట్టమే ఉంది: చురుకైన ఫాల్ట్ గీత మీద జనం ఉండే కట్టడం కట్టకూడదు. అనుమానం ఉన్నచోట ట్రెంచ్ తవ్వి చూపించాల్సింది కట్టేవాడే. మన దగ్గర? 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వచ్చి హైదరాబాద్‌లో ఫ్యాన్లు ఊగేసరికి టీవీల్లో రోజంతా అదే గోల. గ్రహాల లెక్కలు చెప్పే ఆయన ఒక కిటికీలో, "హైదరాబాద్ సేఫేనా" అని ఇంకో కిటికీలో. మా పిన్ని టెన్షన్‌తో ఫోన్ చేసి సామాన్లు సర్దుకోమంటావా అని అడిగింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందని, గోదావరి లోయకి ఇది కొత్త కాదని నిదానంగా చెప్పేవాడే లేడు. నేపాల్‌లాంటి 7.8లో ములుగు భూకంపం కన్నా 5,000 రెట్లకు పైగా శక్తి ఉంటుందన్న ముక్క చెబితే, వినేవాడికి సగం భయం పోతుంది, మిగతా సగం ఉత్తరాది మీదికి మళ్లుతుంది.

అసలు బాధ ఇంకోటుంది. మేం చదివే పుస్తకాలనే చదును చేసేస్తున్నారు. రామ్‌నగర్ చుట్టుపక్కల అలాంటి గట్లు రిసార్టులకీ ప్లాట్లకీ పోతున్నాయి. జేసీబీ ఒక పూట నడిస్తే వెయ్యేళ్ల రికార్డు లారీలో మట్టిగా వెళ్లిపోతుంది. ఈ మధ్య కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఎర్ర గీతలు గీసి ఫాల్ట్ మ్యాప్ అంటున్నారు. చాలా గీతల దగ్గరికి వెళ్తే ఏ పాత కాలువ గట్టో ఉంటుంది. గోడ మీద తాపీ పెట్టనిది ఏదీ ఫాల్ట్ కాదు. కోపమొచ్చినవాళ్లు కామెంట్ పెట్టుకోవచ్చు.

ఢిల్లీలో ఉద్యోగం చేసే మా బాబాయి కొడుకు కిందటేడు ఆ వైపే వీకెండ్ ప్లాట్ కొంటున్నానని ఫొటోలు పంపాడు. ప్లాట్ సరిగ్గా గట్టు అంచు మీద ఉంది. ఫోన్ చేసి అరగంట వివరించాను. "అక్కా, అదంతా సరే గానీ, వ్యూ చూశావా? కింద మైదానమంతా కనబడుతుంది" అన్నాడు. ఎందుకు కనబడుతుందో చెబుతున్నాను రా అన్నాను. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశాడట.