చెత్త బండి ఒకటే, ఊళ్లు వేరు

ప్రశ్న: మా అబ్బాయి స్పెయిన్‌లో చదువుకుంటూ పాంప్లోనా పక్కన చిన్న ఊళ్లో అద్దెకుంటున్నాడు. మొన్న వీడియో కాల్‌లో వీధిలో చెత్త డబ్బా చూపించాడు. దాని మీద ఆ ఊరి పేరు లేదు, ‘మాంకొమునిదాద్’ అని ఉంది. నీళ్ల బిల్లు మీదా అదే పేరట. అంటే ఆ ఊరిని పాంప్లోనాలో కలిపేశారా? మా ఊరిని కూడా పక్క మున్సిపాలిటీలో కలుపుతారేమోనని ఇక్కడ అందరికీ టెన్షన్‌గా ఉంది, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: లేదమ్మా, కలపలేదు. ఆ ఊరి మేయరు, కౌన్సిలు, బడ్జెట్ అన్నీ ఆ ఊరివే. స్పానిష్‌లో ‘మానో’ అంటే చెయ్యి, ‘కొమూన్’ అంటే ఉమ్మడి, ఆ రెండు మాటల నుంచే ఈ పేరు పుట్టింది. కొన్ని ఊళ్లు కొన్ని పనులకు మాత్రమే పెట్టుకునే ఉమ్మడి సంఘం ఇది.

స్పెయిన్‌లో 8,100కు పైగా మున్సిపాలిటీలున్నాయి, వాటిలో సగానికి పైగా వెయ్యి జనాభా కూడా లేనివి. అయినా ఎంత చిన్న ఊరైనా తాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపాలు, చెత్త సేకరణ, శ్మశానం ఉండి తీరాలని చట్టం చెబుతుంది. ఇప్పుడు మూడొందల మంది ఉన్న ఊరు సొంతంగా చెత్త లారీ కొందనుకోండి, అది వారానికి రెండు పూటలు తిరిగి మిగతా రోజులు షెడ్డులో నిలబడుతుంది, కానీ డ్రైవరు జీతం, ఇన్సూరెన్స్, టైర్ల ఖర్చు మాత్రం ఆగవు. అదే లారీ పది ఊళ్లు తిరిగితే ఖర్చు పది చోట్ల పంచుకోవచ్చు. పల్లె ప్రగతిలో ఊరికో ట్రాక్టర్ వచ్చాక చిన్న పంచాయతీలకు కిస్తీలు, డీజిల్ ఎంత బరువయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇలా కలిసే హక్కు అక్కడ 1985 నాటి స్థానిక పాలన చట్టంలో, 44వ సెక్షన్‌లో రాసి ఉంది. ఏయే ఊళ్లు చేరుతున్నాయి, ఏ పని కోసం, డబ్బు ఎక్కడిది, ఎన్నాళ్లు అనేది ముందే నియమావళిలో రాసుకోవాలి. దాన్ని ప్రతి ఊరి కౌన్సిల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. నాకు బాగా నచ్చేది ఇదే, పక్క పట్నం ఎంత పెద్దదైనా మీ ఊరి కౌన్సిలు చెయ్యెత్తకపోతే మీ ఊరు అందులో లేనట్టే.

మీ అబ్బాయి చూసినది 1982లో మొదలైంది, అందులో ఇప్పుడు 50 దాకా మున్సిపాలిటీలున్నాయి. నీళ్లు, చెత్తతో పాటు సిటీ బస్సులు కూడా దాని బాధ్యతే. ఆ బస్సుల్ని అక్కడివాళ్లు ‘వియ్యవేసా’ అంటారు, ఎక్కినవాళ్లకు ఎక్కడ ఒక ఊరు అయిపోయి ఇంకో ఊరు మొదలైందో కూడా తెలియదు.

చిక్కుల్లేవని కాదు. ఒక ఊరు వాటా కట్టకుండా బకాయి పెడితే భారం మిగతా ఊళ్ల మీద పడుతుంది, మధ్యలో బయటికి పోవాలంటే ఉమ్మడి అప్పుల లెక్క తేల్చుకోవాలి, పెద్ద పట్నం మాటే చెల్లుతోందన్న గొణుగుడూ ఉంటుంది.

మీ భయం విలీనం గురించి, అది వేరే సంగతి. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు ఆ 12 కౌన్సిళ్లూ లేకుండా పోయాయి. మాంకొమునిదాద్‌లో ఊరు అలాగే ఉంటుంది, పని ఒక్కటే ఉమ్మడి అవుతుంది. కాబట్టి మీ గ్రామసభలో విలీనం మాట వస్తే, ఊరు సొంతంగా చేసుకోలేనిది ఏ పని, నీళ్లా, చెత్తా, మురుగునీరా, ముందు అది అడగండమ్మా.