వీడియో ఎడిటింగ్‌కి మానిటర్ కొనేటప్పుడు ముందు ఏం చూడాలి? 4కే తప్పనిసరా?

ముందు చూడాల్సింది రంగు. రిజల్యూషన్ ఆ తర్వాతే. స్క్రీన్ రంగుల్ని తప్పుగా చూపిస్తే మీరు ఆ తప్పుకే సరిదిద్దుతారు. మీ దగ్గర చక్కగా కనిపించిన మొహం వేరేవాళ్ల ఫోన్లో పచ్చగానో ఎర్రగానో తేలుతుంది.

అందుకే ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి. పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. యూట్యూబ్, టీవీ కోసం చేసే మామూలు వీడియోలకు ప్రమాణం రెక్ 709. దాని రంగుల పరిధీ, కంప్యూటర్లకీ వెబ్‌కీ వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం పరిధీ ఒకటే కాబట్టి, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, డెల్టా ఈ (అసలు రంగుకీ స్క్రీన్ చూపే రంగుకీ మధ్య తేడా కొలత) 2 లోపు ఉన్నది చూసుకోండి. సినిమా పని ఉంటేనే థియేటర్ సినిమాలకు వాడే, ఇంకా విశాలమైన డీసీఐ పీ3 రంగుల పరిధి గురించి ఆలోచించండి. 8 బిట్ ప్యానెల్ దాదాపు 1.67 కోట్ల రంగులు చూపిస్తుంది, 10 బిట్ అయితే 107 కోట్లు. ఆకాశం లాంటి చోట్ల చారలు పడకుండా ఉండటానికి 10 బిట్ పనికొస్తుంది.

4కే తప్పనిసరి కాదు. 27 అంగుళాల్లో 2560×1440 ఉంటే టైమ్‌లైన్‌కి చోటు సరిపోతుంది. 4కే ఫుటేజ్‌లో ఫోకస్ పిక్సెల్ పిక్సెల్‌గా చూడాలంటే మాత్రం 4కే ఉండాల్సిందే. రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ చాలు.

పెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) అని చూసి దయచేసి మోసపోకండి. 400 నిట్స్ వెలుగుతో హెచ్‌డీఆర్ గ్రేడింగ్, అంటే ఆ వీడియోల రంగులు సరిదిద్దడం, కుదరదు, ఆ పనికి 1000 నిట్స్ దాకా కావాలి.

మిగిలిన డబ్బుతో కలర్ క్యాలిబ్రేటర్ (స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం) కొనండి. ఎంత మంచి ప్యానెలైనా వాడకంలో రంగు మెల్లగా మారిపోతుంది.