పవర్ ఎంతుందో కాదు, ఏం చేస్తుందో చూడు

అమ్మలూ,

మొదటిసారి గేమ్ మాస్టర్‌గా, అంటే ఆటలో కథ నడిపించే మనిషిగా, కూర్చోబోతున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. "ప్లేయర్లు మరీ పవర్‌ఫుల్ అయిపోతే ఎలా బాబాయ్?" అని అడిగావు కదా, దాని గురించే రాస్తున్నాను. ఆడబోయేది డైస్ వేస్తూ తలో పాత్రగా కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అందులో ఐదో ఎడిషన్ అన్నావు కాబట్టి లెక్కలన్నీ 2014 నాటి ఆ రూల్స్ ప్రకారమే చెబుతాను.

పవర్ అనగానే అందరూ డ్యామేజ్ (దెబ్బకి ఎంత నష్టం) వైపు చూస్తారు. అది చిన్న సమస్యే. రాక్షసుడు తొందరగా చచ్చిపోతే పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టొచ్చు. నువ్వు జాగ్రత్తపడాల్సింది, కథకి అడ్డుగా పెట్టుకున్నదాన్ని అసలు అడ్డే కాకుండా చేసే మ్యాజిక్ విషయంలో. ప్రకృతి మాంత్రికుడైన డ్రూయిడ్‌కి మొదటి లెవెల్లోనే గుడ్‌బెర్రీ అనే స్పెల్ (మంత్రం) ఉంటుంది. ఒక్కసారి వేస్తే పది పళ్లు, ఒక్కో పండుతో ఒక మనిషికి ఒక రోజు గడిచిపోతుంది. ఇక ఆకలితో అల్లాడే అడవి ప్రయాణం ఎక్కడిది? చదువుతో మాంత్రికుడైన విజార్డ్ మూడో లెవెల్‌కి వస్తే నాక్‌తో తాళాలు తెరుస్తాడు. ఐదుకి వస్తే ఫ్లైతో లోయ దాటిస్తాడు. అదే ఐదో లెవెల్లో, దైవశక్తితో మ్యాజిక్ చేసే క్లెరిక్, చనిపోయి నిమిషం దాటని మనిషిని రివివిఫైతో లేపుతాడు. పదమూడుకి వచ్చాక విజార్డ్‌కి టెలిపోర్ట్ అందుతుంది, దూరం లెక్కలోంచి పోతుంది. (స్పెల్ లెవెల్ వేరు, క్యారెక్టర్ లెవెల్ వేరు. ఫ్లై మూడో లెవెల్ స్పెల్, అది వచ్చేది ఐదో లెవెల్ విజార్డ్‌కి. కొత్తవాళ్లంతా తడబడేది ఇక్కడే.)

కాబట్టి కథ రాసుకునే ముందు నీ ప్లేయర్ల క్లాసులు (విజార్డ్, క్లెరిక్ లాంటి పాత్ర రకాలు) ముందు పెట్టుకుని, ఇప్పుడున్న లెవెల్‌తో పాటు రాబోయే రెండు లెవెళ్ల స్పెల్స్ చదువు. ప్రతి స్పెల్ దగ్గరా ఒక్కటే అడుగు: ఇది ఉంటే నా కథలో ఏ చిక్కుముడి విడిపోతుంది?

ఒక హత్య కథ తీసుకుందాం. కోటలో మంత్రి శవం దొరికింది, ఎవరు చంపారో పార్టీ (ప్లేయర్ల జట్టు) కనిపెట్టాలి. ఐదో లెవెల్ క్లెరిక్ ఉంటే ఆ రోజే స్పీక్ విత్ డెడ్ వేసి "నిన్నెవరు చంపారు?" అని శవాన్నే అడిగేస్తాడు. నువ్వు మూడు సెషన్లకి దాచుకున్న రహస్యం పది నిమిషాల్లో బయటికొస్తుంది. చాలామంది గేమ్ మాస్టర్లు ఇక్కడ కంగారుపడి "మ్యాజిక్ పనిచేయలేదు" అనేస్తారు. దయచేసి ఆ పని చేయకు. స్పెల్ పాఠం మళ్లీ చదువు, దాని హద్దులు అందులోనే ఉన్నాయి. ఐదు ప్రశ్నలే. బతికుండగా తెలిసినంతే శవం చెప్పగలదు. జవాబులు సాధారణంగా పొట్టిగా, అర్థమయ్యీ కానట్టు ఉంటాయి. అడిగేవాణ్ణి శత్రువనుకుంటే నిజం చెప్పాలన్న నిర్బంధమూ లేదు. ఇప్పుడు హంతకుడు వెనక నుంచి పొడిచాడనుకో. శవం చెప్పేది "ముఖం చూడలేదు... గంధం వాసన" అని మాత్రమే. క్లెరిక్‌కి తన స్పెల్ పనికొచ్చిందన్న తృప్తి ఉంటుంది, నీకు కథ మిగులుతుంది. శవానికి నోరు లేకపోతే స్పెల్ పనిచేయదన్న రూల్ కూడా ఉంది, కానీ దాన్ని ఎప్పుడో ఒకసారి తెలివైన హంతకుడి కోసం అట్టిపెట్టుకో. ప్రతి శవానికీ దవడ ఎగిరిపోయి ఉంటే నువ్వు కావాలనే అడ్డుపడుతున్నావని ప్లేయర్లు ఇట్టే పసిగడతారు.

మిగతా స్పెల్స్‌కీ ఇలాంటి హద్దులున్నాయి. ఫ్లై మామూలుగా ఒక్కరినే ఎగరేస్తుంది, పైగా కాన్సన్‌ట్రేషన్ కావాలి, అంటే వేసినవాడు దానిమీదే ధ్యాస నిలపాలి. స్పెల్ వేసినవాడికి దెబ్బ తగిలి కాన్సన్‌ట్రేషన్ పోయిందా, ఎగిరేవాడు కింద పడతాడు. రివివిఫైకి మూడు వందల బంగారు నాణేల విలువైన వజ్రాలు ఖర్చవుతాయి, కాబట్టి నీ లోకంలో వజ్రాలు ఎంత అరుదో నువ్వే తేల్చాలి. నాక్ వేస్తే మూడు వందల అడుగుల దాకా వినిపించేంత పెద్ద చప్పుడవుతుంది.

ఇక కత్తి పట్టుకుని పోరాడే ఫైటర్ సంగతి. ఐదో లెవెల్ విజార్డ్ ఫైర్‌బాల్ విసిరితే ఆరు ముఖాల డైస్ ఎనిమిది పడతాయి, సగటున 28 డ్యామేజ్. అది ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న ప్రతి ఒక్కరికీ. గాబ్లిన్‌కి ఉండేవే ఏడు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), సేవ్ చేసి, అంటే డైస్ వేసి తప్పించుకోజూసి, సగం దెబ్బే తిన్నా మామూలుగా బతకదు. ఫైటర్ అదే టర్న్‌లో కత్తితో రెండు దెబ్బలు వేసి, రెండూ తగిలితే ఇద్దరిని పడగొడతాడు. చూస్తే ఫైటర్ ఆటలో అరటిపండు అనిపిస్తుంది. కానీ ఆ విజార్డ్‌కి ఆ స్థాయి స్లాట్లు (స్పెల్ వేసే అవకాశాలు) రోజుకి రెండే, షార్ట్ రెస్ట్ (చిన్న విశ్రాంతి) దొరికితే ఇంకొకటి వెనక్కి వస్తుంది. ఫైటర్ కత్తికి అలాంటి లెక్క లేదు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లు (యుద్ధాల్లాంటి ఆటంకాలు) ఉంటాయన్న అంచనా మీద ఈ బ్యాలెన్స్ కట్టారు. నువ్వు రోజుకి ఒక్క యుద్ధం పెట్టి, వెంటనే ఎనిమిది గంటలు పడుకోనిస్తే విజార్డ్ ఉన్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తాడు. అప్పుడు తప్పు రూల్స్‌ది కాదు. ప్రతి సెషన్‌లో ఎనిమిది యుద్ధాలు నడపమనడం లేదు, నాకూ అది విసుగే. ఒకే రోజు కథని రెండు మూడు సెషన్లకి సాగదీయి. తెల్లారేలోపు బందీలను తరలించేస్తారని చెప్పు. పడుకోవాలా, ముందుకెళ్లాలా అన్నది వాళ్లే తేల్చుకోవాల్సి వస్తుంది.

అందరూ సమానంగా ఉండి తీరాలని కూడా లేదు. 1974లో ఈ ఆట మొదలైనప్పుడు తొలి లెవెల్ మ్యాజిక్ యూజర్‌కి (అప్పటి విజార్డ్) రోజుకి ఒక్కటే స్పెల్. తట్టుకుని బతికితే తర్వాత అందరినీ మించిపోయేవాడు. 1987లో వచ్చిన ఆర్స్ మ్యాజికా అనే ఇంకో ఆటలో మాంత్రికులు మిగతావాళ్లకంటే బలవంతులని దాచకుండా ఒప్పుకుని, వంతులవారీగా మాంత్రికుణ్ణి ఆడమన్నారు. మీ టేబుల్ ఏం కోరుకుంటుందో ముందే మాట్లాడుకోండి. ఆకాశమంత పవర్ వద్దనుకుంటే ఫలానా లెవెల్ దగ్గర ఆపుదామని మొదటి రోజే చెప్పు. మూడో ఎడిషన్ రోజుల్లో ఆటగాళ్లే ఈ6 అని ఒక పద్ధతి తయారు చేసుకున్నారు, అందులో ఆరో లెవెల్ తర్వాత లెవెల్ పెరగదు, కొత్త ఫీట్లు (ప్రత్యేక నైపుణ్యాలు) మాత్రం వస్తాయి. ముందు చెప్పిన హద్దుని ఎవరూ తప్పుపట్టరు. మధ్యలో లాక్కుంటే మాత్రం మనసు విరుగుతుంది.

మ్యాజిక్ వస్తువుల విషయంలో చెయ్యి బిగపట్టు. ఇరవై లెవెళ్లలో ప్రొఫిషెన్సీ బోనస్ (నైపుణ్యం కొద్దీ డైస్‌కి కలిపే అంకె) ప్లస్ 2 నుంచి ప్లస్ 6కే పెరుగుతుంది. అలాంటి చోట ప్లస్ 3 కత్తి అంటే మాటలు కాదు. వాడితే అయిపోయే పోషన్లు, స్క్రోల్స్ ఎన్నైనా ఇవ్వు.

మొదటి లెవెల్‌తో మొదలుపెట్టు, మూడు దాకా త్వరగా పోనీ. రూల్స్ కూడా అలాగే ఉన్నాయి, మూడో లెవెల్‌కి 900 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు చాలు, ఐదుకి 6,500 కావాలి. ఆ మధ్య వ్యవధిలో నీకు చెయ్యి తిరుగుతుంది. నలుగురూ క్లాసులు తేల్చుకోగానే లిస్టు పంపు, నీ మొదటి కథ పక్కన పెట్టుకుని ఏ స్పెల్ ఎక్కడ తగులుతుందో ఫోన్‌లో మాట్లాడుకుంటూ చూద్దాం.

ప్రేమతో,
బాబాయి