వీపు మీద చక్కిలిగింత

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నన్ను తాతగారూ అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి, చివరి పేజీలో కుండలీకరణాల్లో ఇరికించిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తరువాత.

ముందు కోపం. విద్యార్థుల ప్రదర్శన చూసి మూడు పేజీలు రాశావు. 'ఇంద్రియానుభూతుల అపూర్వ సమ్మేళనం' అన్నావు. 'గ్రహణశక్తి సరిహద్దులను ఆవిష్కరించారు' అన్నావు. ఆవిష్కరించడానికి అదేమైనా పుస్తకమా, కూడలిలో విగ్రహమా? 'పరస్పర చర్యాత్మక మాధ్యమ కళ' దగ్గర నాలుక మడతపడి మంచినీళ్లు తాగాను. ముట్టుకుంటేనో కదిలితేనో పనిచేసే బొమ్మలు అంటే పరువు పోతుందా? ఇంతా చదివి ఆ గదిలో ఏముందో నాకు తెలియలేదు. అందుకే ఆదివారం మనవడిని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను, ఈ ఎండలో.

వెళ్లాక ఇంకో సంగతి బయటపడింది. నీ సమ్మేళనాలూ సరిహద్దులూ అన్నీ గోడకు అంటించిన కాగితంలోవే! అనువాదం మాత్రం నీది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన కుర్చీ గురించి చెబుతాను. వీపు ఆనేచోట చిన్న చిన్న మోటార్లు వరసలుగా పొదిగారు. ఎదురుగా స్టాండు మీద కెమెరా. దాని ముందు ఏది పెడితే దాని ఆకారం వీపు మీద గీతలుగా వణుకుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని కూర్చున్నాను. అక్కడున్న విద్యార్థి కెమెరా ముందు ఏదో పెట్టాడు. నాకు చక్కిలిగింత తప్ప ఏమీ తెలియలేదు. 'బాబూ, ఆ కెమెరా ఒకసారి నా చేతికివ్వు' అన్నాను. తటపటాయించి, స్టాండు నుంచి ఊడదీసి ఇచ్చాడు. ఇటూ అటూ తిప్పాను. పైకెత్తితే వీపు మీది గీత కిందికి జారింది, పక్కకు తిప్పితే తప్పిపోయింది, మళ్లీ వెతికి పట్టుకున్నాను. అతను పెట్టింది గొడుగట. అది కనిపించిందని అబద్ధం చెప్పను. కానీ ఏదో ఒకటి నా వీపు మీద కాదు, నా ముందు ఉందన్న అనుమానం మాత్రం తగిలింది.

ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక పేరుంది. అదొక్కటే నువ్వు ఎత్తిరాయలేదు. పాల్ బాకి రీటా అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఇంటికొచ్చి మనవడి చేత వెతికించాను. ఆయన 1969లోనే ఈ పని చేశాడట. పళ్ల డాక్టరు దగ్గరి పాత కుర్చీ ఒకటి తెచ్చి, వీపు వైపు ఇరవై వరసల్లో ఇరవై చొప్పున 400 వణికే మొనలు అమర్చాడు. పుట్టు గుడ్డివాళ్లను కూర్చోబెట్టాడు. కెమెరా వేరేవాళ్లు తిప్పినంతసేపూ వాళ్లకు వీపు మీద గిలిగింతే. కెమెరా వాళ్ల చేతికిచ్చి కొన్ని గంటలు సాధన చేయించాక వస్తువులు తమ ఎదుట ఉన్నట్టు తోచాయి. ఒకసారి చెప్పకుండా జూమ్ చేస్తే, కూర్చున్నతను చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి ఒరిగాడట. తాకింది వీపునే, అయినా ముందు నుంచి ఏదో మీదికి వస్తోందనుకున్నాడు!

నలభై ఏళ్లుగా నేను అరుస్తున్నది ఇదే. ఇంద్రియం కూలి మనిషి లాంటిది, పని చెప్పకపోతే ఊరుకుంటుంది. నీ వాక్యాల్లో ఎవరూ ఏ పనీ చేయరు. 'అనుభూతి కలిగింది', 'ఆలోచన రేకెత్తింది'. ఎవరికి, ఏ చేత్తో ఏం చేస్తే కలిగింది? విశేషణాలన్నీ కొట్టేసి క్రియలు వెతుక్కో. వంగాను, తడిమాను, తప్పిపోయాను. కెమెరా స్టాండు మీదే ఉంచి నా వీపు గోకుతున్నావు నువ్వు.

ఈ పాఠం నాకూ ఊరికే రాలేదు. 1985లో మూర్ మార్కెట్ తగలబడినప్పుడు మర్నాడు వెళ్లాను. ఎన్ని పాత పుస్తకాలు కొన్నానో అక్కడ! బూడిదలో నడుస్తుంటే సగం కాలిన పుస్తకం ఒకటి కాలికి తగిలింది. అలవాటుగా వంగి, తాకి, కళ్లకద్దుకున్నాను. వేళ్లకంటిన మసి రెప్పల్లో పడి కళ్లు భగ్గుమన్నాయి. చాలాసేపు ఏమీ చూడలేకపోయాను. అదే రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడుగారు ఆ పేరా మొత్తం కొట్టేసి, 'ఇందులో సామాజిక స్పృహ ఏదీ?' అని అంచున ఎర్ర సిరాతో రాసి, తన సొంత కవిత్వం ఒకటి చేర్చారు: 'అక్షరాల చితి'. అందరూ ఆ ముక్కనే మెచ్చుకున్నారు. సభల్లో శాలువా కప్పేటప్పుడు ఇప్పటికీ దాన్నే చదువుతారు. నాది కాదు మొర్రో అన్నా వినరు. అప్పట్లో స్పృహ, ఇప్పుడు సంవేదన. మాట మారింది, ఎర్ర సిరా మారలేదు.

ఎన్ని పత్రికలకు పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని ఏవేవో అడిగావు. ఉత్తరం మనవడు ఎక్కడో పెట్టాడు, దొరికాక చూద్దాం.

ఇక ఆ కుండలీకరణాల వాక్యం. 'వెలుపల చెప్పుల గుట్టలో మా అమ్మమ్మ, శుక్లాల వల్ల సరిగా కనిపించక, కాలితో తడిమి తన చెప్పులు తీసుకుంది.' మూడు పేజీల్లో నిన్ను నువ్వు మరిచిపోయి రాసింది ఇదొక్కటే. దాన్ని అక్కడ దాచావేమమ్మా? వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈలోగా అమ్మమ్మగారిని ఒక మాట అడుగు: ఆమె కాలికి ముందు దొరికిందేమిటి? కుట్టించిన పట్టీయా, అరిగిన మడమా, బొటనవేలు పడిన గుంటా?

ఆశీస్సులతో,
తాతగారు