విశాఖలో ఎంఏ హిస్టరీ చేస్తే తర్వాత దారేది?

బీఏ హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్) తెలుగు మీడియంలో పూర్తయింది, ఎంఏ హిస్టరీ చదవాలని ఉంది, ఇంట్లో మాత్రం "దానికి ఉద్యోగాలెక్కడివి, బీఈడీ చేసుకో చాలు" అంటున్నారు. మీ ప్రశ్న ఇదే కదా. ఇక్కడ ఈ సబ్జెక్టు చెప్తూ, ఈ సబ్జెక్టులో పిల్లల్ని పరీక్షలకు తయారు చేస్తూ ఉన్న అనుభవంతో రాస్తున్నాను.

ఇంట్లోవాళ్ల మాటలో సగం నిజం ఉంది. ఒట్టి ఎంఏ హిస్టరీ పట్టా చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. దాని పక్కన ఇంకో అర్హత నిలబడాలి. కాలేజీల్లో పాఠం చెప్పడానికి అర్హతనిచ్చే నెట్ కావచ్చు, ఏపీసెట్ కావచ్చు, బీఈడీ కావచ్చు, పురావస్తు డిప్లొమా కావచ్చు. ఏది కావాలో మొదటి సెమిస్టర్ పూర్తయ్యేలోపే తేల్చుకోవాలి. రెండేళ్లూ సెమిస్టర్ పరీక్షల ముందు నోట్సు తిరగేసి పాసై, పట్టా చేతికొచ్చాక "ఇప్పుడేం చేద్దాం" అని కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ముందు సీటు సంగతి. ఆంధ్రా యూనివర్సిటీతో పాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల సీట్లన్నీ ఏపీ పీజీసెట్ ర్యాంకు మీదే, వెబ్ కౌన్సెలింగ్‌లో వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ కావాలంటే కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ వేరేగా రాయాలి. దాని దరఖాస్తు గడువు డిగ్రీ ఫైనలియర్ నడుస్తుండగానే అయిపోతుంది, రిజల్ట్స్ వచ్చాక చూద్దామనుకుంటే ఏడాది పోయినట్టే. రెండూ రాయమనే నా సలహా. రెగ్యులర్‌గా కుదరనివాళ్లకు ఏయూ దూరవిద్య ఉంది, ఇగ్నోకు విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. అయితే ఇగ్నో ఎంఏ ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. ఏ దూరవిద్య కోర్సయినా ఆ ఏడాదికి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

తెలుగు మీడియం విషయం కాస్త వివరంగా చెప్పాలి, మీకు అసలు అడ్డం పడేది అదే. యూజీసీ నెట్ హిస్టరీ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో విషయం బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడ తడబడతారు. అగ్రహారం, బ్రహ్మదేయం లాంటివి ఏ భాషలోనైనా గుర్తుపడతారు. భూస్వామ్య వ్యవస్థ, చరిత్ర రచనా పద్ధతులు, ద్వితీయ నగరీకరణ లాంటి మాటలకు ఇంగ్లీషులో ఏమంటారో తెలియకే మార్కులు పోతాయి. దీనికి మందు ఒకటే. ఇగ్నో పాఠాలు వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు అకాడమీ పుస్తకంలో ఒక అధ్యాయం చదివిన రోజే అదే అంశం మీద ఇగ్నో యూనిట్ ఇంగ్లీషులో చదివి, పారిభాషిక పదాలు ఎదురెదురుగా ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక సెమిస్టర్ వదలకుండా చేస్తే ఆ భయం పోతుంది. యూపీఎస్సీ మెయిన్స్, ఏపీపీఎస్సీ గ్రూప్ 1 మెయిన్స్ అయితే తెలుగులోనే రాయొచ్చు.

నెట్‌లో రెండు పేపర్లు, ఒకే విడతలో 3 గంటలు. పేపర్ 1లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, పేపర్ 2లో 100 ప్రశ్నలకు 200 మార్కులు. నెగటివ్ మార్కుల్లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. హిస్టరీ వాళ్లు పేపర్ 1ని తేలిగ్గా తీసుకుంటారు. డేటా లెక్కలు, రీజనింగ్, బోధనా పద్ధతులు అందులోనే ఉంటాయి, అక్కడ తగ్గిన మార్కులు పేపర్ 2లో పూడ్చుకోవడం కష్టం. పేపర్ 2లో జతపరచండి, కాలక్రమంలో పెట్టండి, ప్రతిపాదన-కారణం తరహా ప్రశ్నలు ఎక్కువ. గైడ్లలో బిట్లు బట్టీ పడితే ఇవి రావు. సిలబస్‌లో పదో యూనిట్, అంటే పరిశోధన పద్ధతి, చరిత్ర రచన, చివర్లో చదువుదామని అందరూ పక్కన పెట్టేస్తారు. దాన్నుంచే మొదలుపెట్టండి, మిగతా తొమ్మిదీ అర్థమయ్యే తీరు మారిపోతుంది.

నెట్‌కు పీజీలో జనరల్ వాళ్లకు 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉండాలి. నెట్‌లో మంచి మార్కులొస్తే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 5 ఏళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు. ఏపీసెట్ నిర్వహించేది మన ఆంధ్రా యూనివర్సిటీయే, అది ఈ రాష్ట్రంలో ఉద్యోగాలకు మాత్రమే పనికొస్తుంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే యూజీసీ స్కేలులో మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. కానీ ఆ పోస్టుల భర్తీ ఏళ్లకేళ్లు ఆగుతూ ఉంటుంది. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు పనులే దిక్కు. ఆ రాబడితో ఇల్లు గడవడం కష్టమని ముందే తెలుసుకుని దిగండి. ఈ మాట దాచి మిమ్మల్ని పీహెచ్‌డీ వైపు తోయడం అన్యాయం.

బీఈడీ దారిని చిన్నచూపు చూడకండి, విశాఖలో త్వరగా నిలదొక్కుకునేది దానితోనే. సోషల్ స్కూల్ అసిస్టెంట్‌కు డిగ్రీ, బీఈడీ, టెట్ చాలు, ఎంఏ అక్కర్లేదు. డీఎస్సీలో పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ కాబట్టి టెట్ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం దండగ కాదు. 2025 మెగా డీఎస్సీలో అన్ని విభాగాలూ కలిపి 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అలాంటి నోటిఫికేషన్ ప్రతి ఏడూ రాదు. ఎంఏ తోడైతే పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులు కూడా అందుతాయి. కేంద్రీయ విద్యాలయాల్లో హిస్టరీ పీజీటీకి 50 శాతంతో ఎంఏ, బీఈడీ కావాలి. జూనియర్ లెక్చరర్ పోస్టులు ఏపీపీఎస్సీ తీస్తుంది, వాటికి బీఈడీ అవసరం లేదు. కానీ హిస్టరీకి వచ్చేవి కొద్ది పోస్టులే, అవి కూడా జోన్లుగా, రిజర్వేషన్ రోస్టర్‌గా విడిపోతాయి. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

గ్రూప్ 2 రాయాలనుకుంటే ఎంఏ నేరుగా పనికొచ్చే చోటు మెయిన్స్ పేపర్ 1. అందులో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకు 75 మార్కులు. ప్రిలిమ్స్‌లో భారత చరిత్రకు 30. అంటే హిస్టరీ బలంతోనే గట్టెక్కలేరు, ఎకానమీ, పాలిటీ, సైన్స్ సమానంగా చదవాల్సిందే. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్‌కు 500 మార్కులు. అందులో మొదటి పేపరులో మ్యాప్ ప్రశ్నకే 50, చుక్క పెట్టిన 20 స్థలాలను గుర్తుపట్టి రెండు మాటలు రాయాలి. రోజుకు రెండు స్థలాలు చూసుకున్నా చాలు, ఏడాది తిరిగేసరికి అది మీ చేతిలో ఉంటుంది.

ఇక పురావస్తు, శాసనాల వైపు. నా మనసు ఇటే ఎక్కువ మొగ్గుతుంది, ఎందుకంటే విశాఖలో ఉండి ఎంఏ చేసేవాళ్లకు దొరికే సౌకర్యం ఇంకెక్కడా దొరకదు. బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ బౌద్ధ స్థలాలు భీమిలి రోడ్డు మీదే ఉన్నాయి. అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ. సింహాచలం గుడి గోడలూ స్తంభాలూ శాసనాలతో నిండి ఉన్నాయి, వాటి పాఠాలు దక్షిణ భారత శాసనాల (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) ఆరో సంపుటంలో అచ్చయ్యాయి. శ్రీకూర్మం, ముఖలింగం శాసనాలు ఐదో సంపుటంలో ఉన్నాయి. అచ్చు పాఠం జిరాక్స్ తీసుకుని కొండకు వెళ్లి, ఒక్క స్తంభం ముందు నిలబడి అక్షరం అక్షరం పోల్చుకోండి. పాత లిపిలో తలకట్టు ఎలా మారిందో, ఎక్కడ అక్షరాలు అరిగిపోయాయో, అచ్చులో ఎక్కడ చుక్కలు పెట్టి వదిలేశారో కళ్లకు కడుతుంది.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, శకం 1189 అంటే 1267. తిథి జనవరి నుంచి ఉగాది లోపు పడితే 79 కలపాలి. కళింగను ఏలిన గంగ రాజుల శాసనాల్లో పాలనా సంవత్సరం అంక లెక్కలో ఉంటుంది. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలుండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి 22వ అంకం అంటే 1, 6, 16, 20 తీసేయగా అసలు 18వ ఏడు. ఇది తెలియక 22 అనే వేసుకుంటే రాజు పట్టాభిషేకం నాలుగేళ్లు వెనక్కి పోతుంది, దాని మీద కట్టిన వాదమంతా కూలిపోతుంది. ఇలాంటి పని చేతనైనవాళ్లు ఇప్పుడు తక్కువగా ఉన్నారు. తెలుగుతో పాటు సంస్కృతం, ఒడియా లిపి కాస్త నేర్చుకుంటే మీకు ప్రత్యేకత వస్తుంది.

ఈ దారిలో రెండో అర్హత గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ ఇచ్చే రెండేళ్ల పీజీ డిప్లొమా. కేంద్ర పురావస్తు శాఖదే, సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష ఉంటుంది. పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. రికార్డుల మీద ఆసక్తి ఉంటే ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) నడిపే ఆర్కైవ్స్ డిప్లొమా చూడండి.

ఏ దారి పట్టినా ఎంఏలో ప్రాజెక్టు మాత్రం మొక్కుబడిగా చేయకండి. "స్వాతంత్ర్యోద్యమంలో ఆంధ్రుల పాత్ర" లాంటి పేరు పెడితే నాలుగు పుస్తకాల్లోంచి కాపీ కొట్టడం తప్ప ఏమీ మిగలదు. ఊరిని పట్టుకోండి, ఏడాదిని పట్టుకోండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక పట్నం ఖాళీ అయిన తీరు, 1933లో హార్బర్ తెరిచాక మత్స్యకార పేటలకు ఏమైంది, 1966 ఉక్కు ఉద్యమంలో కాలేజీ పిల్లలు, భీమిలి డచ్చి వర్తకం. ఇవన్నీ ఒక ప్రాజెక్టులో ఇమిడేంత చిన్నవి. మొదట కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజెటీర్ చదవండి. తర్వాత ఏయూలో వీఎస్ కృష్ణా లైబ్రరీ. పాత తెలుగు పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం. మనది మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కాబట్టి ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. జాతీయ అభిలేఖాగారం ఫైళ్లు చాలావరకు అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు.

ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు ప్రాజెక్టు గైడ్ సంతకంతో, శాఖ ముద్రతో ఉత్తరం, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. అడిగిన కట్ట వెంటనే చేతికి రాదు, కాబట్టి ఒక్కరోజు పని పెట్టుకుని రైలెక్కకండి. వెళ్లిన పూటే ఇండెక్సు చూసి అవసరమైన జీవోలన్నిటికీ చీటీలు రాసివ్వండి. కాపీ చేసుకునే ప్రతి కాగితం తలమీద శాఖ పేరు, జీవో నంబరు, తేదీ, పేజీ రాసుకోండి. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా ఫుట్‌నోట్ వేయలేరు, మళ్లీ చెన్నై వెళ్లాల్సిందే. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఈ ఫుట్‌నోట్లే.

చివరగా కాగితాల సంగతి, దీనివల్ల చేతికొచ్చిన అవకాశం పోగొట్టుకునేవాళ్లున్నారు. మీరు బీసీ అయితే రాష్ట్ర కుల ధ్రువపత్రం పీజీసెట్‌కు సరిపోతుంది గానీ నెట్‌కు, సీయూఈటీకి సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం తహసీల్దార్ ఆఫీసు నుంచి విడిగా తీసుకోవాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే అయి ఉండాలి. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే సీయూఈటీ దరఖాస్తు మొదలయ్యేలోపు ఆధార్ సరిచేయించుకోండి.